పెళ్లికూతురి వైపు వాళ్లం

కనుమ వస్తోందంటే అహోబిలం చుట్టుపక్కల ఊళ్లలో పారువేట మాటే. జ్వాలా నరసింహుడినీ ప్రహ్లాద వరదుడినీ పల్లకిలో కూర్చోబెట్టి ఊరేగిస్తారు. ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు 30కి పైగా ఊళ్లు, 40 రోజులకు పైగా ప్రయాణం. పల్లకి దించే అరుగులను తెలుపులు అంటారు. ఆ రోజుకు ఇళ్లకు సున్నం వేస్తారు, ఆడబిడ్డలను పిలుచుకుంటారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని స్వామే ఊరూరా తిరిగి పిలుస్తాడని నమ్మకం.

ఆ పెళ్లిలో మేము పెళ్లికూతురి వైపు వాళ్లం. నరసింహుడు మనువాడిన చెంచులక్ష్మి మా ఆడపడుచు. అందుకే ఆయన మా పెద్దలకు అల్లుడు, మాకు బావ. పల్లకి బయలుదేరేటప్పుడు చెంచులు విల్లు పట్టి బాణాలు వేసే ఆచారం ఉంది. ఎగువ అహోబిలం దాటి అడవిలోకి పోతే పావన నరసింహుడి గుడి. అక్కడ చెంచులక్ష్మితో ఉన్న స్వామిని చూసుకోవడానికి మావాళ్లు తరతరాలుగా పోతున్నారు.

ఈ కథను మాకంటే బయటివాళ్లే ఎక్కువసార్లు చెప్పారు. గరుడాచల యక్షగానం ఆడారు. ‘చెంచులక్ష్మి’ పేరుతో 1943లో ఒక సినిమా, 1958లో ఇంకొకటి వచ్చాయి. జనం మెచ్చుకున్నారు, సంతోషమే. కానీ ఆ వేషమే మా మీదికి తిరిగొచ్చింది. పట్నంలో ఏదైనా ఉత్సవం జరిగితే మా పిల్లలకు ఆకుల పావడాలు, తలకు ఈకలు కట్టి వేదిక ఎక్కిస్తారు. ఐదు నిమిషాలు డప్పు, ఒక ఫోటో, దిగిపోవడం. పెళ్లికూతురి మేనమామ వరసైన ముసలాయన జనంలో ఒక మూల నిలబడి ఉంటాడు. ఆయన్ను పిలిచి, ‘మీ కథ మీరెట్లా చెప్పుకుంటారు?’ అని అడిగేవాళ్లు తక్కువ.

మాది తెలుగే కదా, కాపాడుకోవడానికి వేరే భాష ఏముంది అని కొందరు అంటారు. లిపి లేని భాషకు వాచకాలు రాస్తున్న తోటి గిరిజనుల కష్టం మాకు తెలుసు. మా కష్టం ఇంకో రకం. మా మాట తెలుగులోనే ఉంది కాబట్టి, అది పోయినా ఎవరికీ కనపడదు. ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలి, ఏ చెట్టు జిగురు ఎప్పుడు తీయాలి, ఏ పుట్ట దగ్గర నోరు మూసుకోవాలి అన్నది మాటల్లోనే ఉంది, పాటల్లోనే ఉంది. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేము సుమారు 64 వేలమంది. అంతమందిలో పాత పాటలు పూర్తిగా వచ్చినవాళ్లను వెతుక్కోవాల్సి వస్తోంది.

ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. వాళ్ల రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు దొరికింది. అక్కడ కొడుకు తండ్రి పక్కన కూర్చుని ఏడాది పొడుగునా ఉలి పడతాడు. ప్రదర్శన ఉన్న వారమే ఉలి పట్టి ఉంటే ఆ విద్య ఎప్పుడో పోయేది. పాట కూడా అంతే.

అందుకే గూడెం బడుల్లోని టీచర్లకు మా మనవి ఇది. సంక్రాంతి సెలవులకు ముందు నెల, వారానికి ఒక పూట అవ్వను బడికి పిలవండి. ఆమె చెప్పింది పిల్లలు తమ యాసలోనే రాయాలి, దిద్దకండి. వెదురుతో విల్లు చేసే తాతను పిలవండి, ఆ పూట ఆయనే టీచరు. పాట రికార్డు చేస్తే పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి, వాళ్లు వద్దంటే బయట పెట్టకండి. శివరాత్రికి ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి వేలమంది నడుస్తారు. ఆ దారిలో పిల్లలు భక్తులకు తమ అడవిని తామే చెప్పగలగాలి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి వేదిక దొరికితే, మైకు ముందు పెద్దవాళ్లకు ఇచ్చి, తరువాత పిల్లలకు ఇవ్వండి.

యువకులకు ఒక మాట. ఉత్సవానికి పిలిస్తే పోదాం. మన గుడ్డలు కట్టుకుని పోదాం. ఏం పాడాలో, ఎంతసేపు పాడాలో ముందే మాట్లాడుకుందాం. రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకు దారి ఖర్చు, కూలి అడగడంలో తప్పు లేదు. పెళ్లికి వచ్చిన వియ్యాలవారిని ఉత్త చేతులతో పంపకూడదని ఈ సీమలో అందరికీ తెలుసు.

మావాళ్లు కొండచరియ మీది తేనెకు తాడు కట్టుకుని దిగేటప్పుడు, పైన తాడు బావమరిది చేతికి ఇస్తారు. చెల్లెలి పసుపుకుంకుమలు పోనివ్వడని ఆ నమ్మకం. పల్లకిలో తిరిగే ఆ బావ కథకు కూడా తాడు పట్టాల్సింది మేమే. వచ్చే కనుమలోపు ఆ తాడు మీద పిల్లల చేతులు కూడా పడాలి.