ముందు పైకి చూడు

ఇల్లు చూడమని ఎవరైనా పిలిస్తే నేను గోడల జోలికి పోను. ముందు పైకి చూస్తాను. అటక మీద ఏముంది? మంచం తలవైపు సజ్జ ఉందా? బీరువా నెత్తిన సూట్‌కేసులు ఎన్ని ఎక్కాయి? డాబా మీద ట్యాంకు దేనిమీద కూచుంది? ఇంటాయన పగుళ్ళు చూపిస్తుంటాడు, నేను ఆయన రోకలీ రుబ్బురోలూ ఎక్కడ పెట్టాడా అని వెతుకుతుంటాను.

2024 డిసెంబరు 4 పొద్దున్నే ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హైదరాబాదు, విజయవాడ దాకా తెలిసింది. ఆ వారమంతా ఫోన్లే. "మనకు కూడా వస్తాయా మేస్త్రీ?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. రాకేం! 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. మా పెద్దలు ఆ కథ చెబుతుంటే విన్నాం, మరిచిపోయాం.

నేను మరిచిపోకపోవడానికి కారణం మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం. 1993 సెప్టెంబరు 30న, ఇంకా తెల్లవారకముందే, వినాయక నిమజ్జనం చేసొచ్చి పడుకున్న జనం మీద లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో ఇళ్ళు పడిపోయాయి. దాదాపు పదివేల మంది పోయారు. తీవ్రత 6.2. అప్పటి భూకంపాల మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికన్నా భయం లేని జోన్‌లో ఉంది! చంపింది రెండడుగుల మందం రాతి గోడలు, ఎండ తగలకుండా కప్పు మీద అడుగుకు పైగా పోసుకున్న మట్టి.

తరవాత అక్కడ నిలిచిన ఇళ్ళను గట్టిచేసే పనికి మా పెద్ద మేస్త్రి ముఠాను తీసుకెళ్ళాడు. నేను చెయ్యందించే కుర్రాణ్ణి. ముందు కప్పు మీది మట్టి దింపించాడు. ఆ తరవాతే గోడ ముట్టుకోనిచ్చాడు. ఆ గోడ నిజానికి రెండు గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో కంకర, మట్టి. ఊగితే చెరోవైపు విచ్చుకుంటాయి. అందుకని అక్కడక్కడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా బొక్క చేసి, రెండు కొనలూ కొక్కెంగా వంచిన చువ్వ పెట్టి కాంక్రీటు నింపాలి. బొక్క కొట్టడానికి నేను సుత్తి ఎత్తాను. "ఆగు బిడ్డా, కొడితే పక్క రాళ్ళు కూడా కదుల్తయి" అని చేతిలో చిన్న గడ్డపార పెట్టాడు. రాయిని ఇటూ అటూ మెల్లగా ఆడించి, పన్ను పీకినట్టు ఊడదీయాలి. నా మొదటి బొక్క చూసి తల ఊపాడు. ఆ రోజు కూలి కంటే అదే ఎక్కువ.

ఇప్పుడంతా పిల్లర్ల ఇళ్ళు, కాబట్టి నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగుల సంగతి చెప్పాలి. వంచే బల్ల దగ్గర నిలబడి చూడు. బార్‌బెండర్ ఆఖరి వంపును మూలమట్టం దగ్గర ఆపేస్తాడు. అలా ఆగిన రింగు, పిల్లరు ఊగి పైపెచ్చు రాలగానే నోరు తెరుస్తుంది. నిలువు చువ్వలు బయటికి ఉబ్బుతాయి. ఇంకో సగం వంచాలి, 135 డిగ్రీలు. కొన మూడంగుళాలు పిల్లరు పొట్టలోకి పోవాలి. "అట్ల వంచితే చువ్వలకు ఎక్కవన్నా" అంటారు. నిలబెట్టక ముందే నేలమీద ఎక్కించుకో, ఎందుకెక్కవు? బీము, పిల్లరు కలిసే ముడిలో చెయ్యి దూరదని రింగులు ఎగ్గొట్టేవాళ్ళున్నారు. అక్కడ మాత్రం కదలకుండా నిలబడి కట్టించు. గ్రానైటుకు బేరమాడని యజమాని ఈ కాస్త ఇనుముకు ఆడతాడు, అదే నాకు అర్థం కాదు.

కింద పార్కింగుకు ఖాళీ వదిలి పైన నాలుగంతస్తులు లేపే ఇల్లంటే నాకు ఇప్పటికీ గుబులే. 2001 జనవరి 26న కచ్‌లో భూమి కదిలితే, రెండొందల కిలోమీటర్లకు పైగా దూరమున్న అహ్మదాబాదులో అలాంటివి కూలాయి. ఇటుక గోడల ఇల్లైతే గుమ్మాల పైన చుట్టూ లింటెల్ బెల్టు తెగకుండా తిరగాలి. కిటికీని మూలకు రెండడుగుల లోపు పెట్టకు.

కట్టేసిన ఇంట్లో ఏం చేస్తాం అంటావా? ఒక ఆదివారం చాలు. బరువులు కిందికి దించు. బీరువాను ఎల్ క్లాంపులతో గోడకు బిగించు. స్క్రూ ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగాలి. వెయ్యి లీటర్ల ట్యాంకంటే టన్ను బరువు. నాలుగు ఇటుకల మీద నిలబెట్టకు, పిల్లరు నెత్తికి జరుపు. గ్యాస్ రెగ్యులేటరు, కరెంటు మెయిను ఎలా ఆపాలో ఇంట్లో పిల్లలకు కూడా చూపించు. మంచం కింద టార్చి, చెప్పులు ఉంచు. చీకట్లో గాజు పెంకుల మీద నడవడానికి అవే దిక్కు.

ఊగుతుంటే పరిగెత్తకు. పిట్టగోడ ఇటుకలు పడేది సరిగ్గా గుమ్మం ముందే. గుమ్మం కింద నిలబడమన్నది పాత మాట, ఇప్పటి తలుపు చట్రాలకు ఆ బలం లేదు. గట్టి బల్ల కిందికి దూరి కాలు పట్టుకో. ఆగాక మెట్ల మీదుగా దిగు, లిఫ్టు వద్దు. గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకు. చిన్న కుదుపులు మళ్ళీ వస్తాయి, తొందరపడి లోపలికి పోకు.

పగులు కనిపిస్తే పుట్టీ పెట్టకు. ములుగు కుదుపు తరవాత ఒకాయన, అద్దెకు వచ్చేవాళ్ళు చూస్తారని, నన్ను పిలిచింది అందుకే. గీకి చూశాను. ప్లాస్టరింగు వరకే ఉంది, బతికిపోయాడు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఇటుకల్లోకి పోయి ఉంటే వేరే సంగతి. అనుమానముంటే పగులుకు అడ్డంగా కాస్త ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అద్ది, పక్కన తేదీ రాయి. నెల తరవాత ఆ పట్టీ కూడా చిట్లిందంటే నన్ను కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ను పిలవాలి.