సొంతింటికి చుట్టం

ఆ రోజు మా వంటక్క స్వీటు డబ్బాతో వచ్చింది.

'లాటరీల నా పేరొచ్చింది మేడం... డబుల్ బెడ్రూం ఇల్లు!' అంటూ నా నోట్లో మైసూర్‌పాక్ ముక్క పెట్టి, అక్కడే వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చేసింది.

అది 2023. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆమెది ఫిల్మ్‌నగర్ బస్తీలో రేకుల గది... అదీ అద్దెకి. పాలమూరు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భర్త షూటింగుల్లో లైట్లు మోస్తాడు. అత్తకి ఒక కాలు రాదు. కూతురు టెన్త్. నలుగురికీ ఒకటే గది. ఆడపిల్ల స్నానం చేయాలంటే చీర అడ్డం కట్టాల్సిందే.

గృహప్రవేశానికి నన్నూ పిలిచింది. నగర శివార్లలో ఎత్తయిన బ్లాకులు. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు... మొత్తం 560 చదరపు అడుగులు. కూతురు పడగ్గది తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంటోంది. ముసలమ్మ లిఫ్టు బటన్‌ని దేవుడి పటంలా చూస్తోంది. కడుపు నిండిపోయింది నాకు. ఆ వారమే ఆఫీసులో కూర్చుని 'నెరవేరిన సొంతింటి కల' అని ఓ వ్యాసం రాసేశాను. ఇళ్లెన్నో రాశాను, అడుగులెన్నో రాశాను. అక్కడి నుంచి పనికి ఎంత దూరమో మాత్రం రాయలేదు. అసలు ఆ ప్రశ్నే తట్టలేదు.

నెల తిరిగేసరికి తెలిసొచ్చింది. పొద్దున ఆరున్నరకి రావాల్సిన మనిషి ఎనిమిదింటికి వస్తోంది. నాలుగింటికే లేస్తుందట. రెండు బస్సులు మారాలి. ఆ డిసెంబరు నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కావడంతో ఛార్జీల బెంగ తీరింది. కానీ డబ్బు మిగిలినంత మాత్రాన టైము మిగలదుగా! జూబ్లీహిల్స్‌లో ఆమె చేసే మూడిళ్లలో రెండు పోయాయి. మిగిలిన మూడో ఇల్లు మాదే. దాచుకోవడం ఎందుకు... నేనూ ఓ రోజు విసుక్కున్నాను. 'రోజూ ఇంత ఆలస్యమైతే ఎలా అక్కా?' అని. ఆమె ఏమీ అనలేదు. గబగబా బియ్యం కడిగింది.

భర్త పరిస్థితి ఇంకా కష్టం. ప్యాకప్ అర్ధరాత్రికి చెబితే అప్పుడు బస్సేదీ? ఆటోవాడడిగింది ఇస్తే ఆ రోజు కూలిలో మిగిలేదేముంది?

ఆలోచిస్తే ఒకటి తడుతుంది. ఈ జూబ్లీహిల్స్ ఎలా పుట్టింది? 1960ల్లో ఓ హౌస్ బిల్డింగ్ సొసైటీకి ప్రభుత్వం స్థలం కేటాయిస్తేనే కదా! మద్రాసు నుంచి సినిమా పరిశ్రమని రప్పించడానికి స్టూడియోలకీ జాగాలిచ్చింది. స్టూడియోలు వచ్చాయి. వాటి వెనకే లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, బంగళాల్లో అంట్లు తోమేవాళ్లూ వచ్చారు. పని ఉన్నచోటే బతకాలి కాబట్టి పక్కనున్న రాళ్లగుట్ట మీదే గుడిసెలు వేసుకున్నారు. బస్తీలు అలా పుట్టాయి.

పేదవాళ్లకి ఇల్లు పని పక్కనే ఇవ్వడం కుదరదా అంటే, కుదిరిన సందర్భాలూ ఉన్నాయి. డబుల్ బెడ్రూం పథకంలో మొట్టమొదటి ఇళ్లు సికింద్రాబాద్ దగ్గర ఐడీహెచ్ కాలనీవే. ఆ బస్తీ ఉన్నచోటే 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. ఎవరి పనికీ, ఎవరి బడికీ దూరం పెరగలేదు. సినీ కార్మికుల కోసం మణికొండ దగ్గర వెలసిన చిత్రపురి కాలనీ కూడా స్టూడియోలకి అందుబాటులోనే ఉంది. కార్మికుల బాగు కోరిన నటుడు డాక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి పేరే దానికి పెట్టుకున్నారు.

అలాగని అందరికీ అక్కడే దొరకదు. నగరం నడిబొడ్డున ఖాళీ జాగా తక్కువ, ఉన్నదానికి ధర ఎక్కువ. అందుకే కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఫిల్మ్‌నగర్‌కి అది దాదాపు 20 కిలోమీటర్లు. 2014 చివర్లో వచ్చిన జీవో 58 ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఇల్లేసుకున్న పేదలకి ఉచితంగా పట్టా ఇమ్మంది. మంచిదే. కానీ అదే బస్తీలో అద్దెకుండే మా అక్కలాంటి వాళ్లకి అందులో చోటు లేదు. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకి 5 లక్షల సాయంతో శ్రీకారం చుట్టుకుంది. అద్దె గదిలో ఉండే మనిషికి జాగా ఎక్కడిది?

దూరంగా కట్టక తప్పకపోతే ఇంటితో పాటు తెల్లవారుజాము బస్సూ, అర్ధరాత్రి బస్సూ ఇవ్వాలి. బడీ, ఆసుపత్రీ ఇవ్వాలి. అవి వచ్చేదాకా అది గోడలూ తలుపులే!

ఇప్పుడు మా అక్క సోమవారం నుంచి శనివారం దాకా పాత బస్తీలోనే, తమ్ముడి గదిలో ఓ మూల పడుకుంటోంది. మొగుడూ అక్కడే. ముసలమ్మ, పిల్ల మాత్రం ఆ ఇంట్లో ఉంటున్నారు. 'పోనీ, ఆ ఇల్లు వదిలేసి అందరూ ఇటే వచ్చేయొచ్చుగా?' అన్నాను ఓసారి.

ఆమె నా వంక వింతగా చూసింది. 'వానొస్తే ఉరువది మేడం. ఓనరొచ్చి కాళీ చెయ్ అనడు. పిల్ల గడియేసుకుని తానం చేస్తది. ఎట్ల ఇడుస్త? నా ఇంటికి నేనే సుట్టమైన, గంతే' అంది కొంగున ముడేసిన తాళంచెవి తడుముకుంటూ.

మొన్న శనివారం సాయంత్రం తొందరగా వెళ్తానని అడిగింది. సరేనన్నాను. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది.

'రేపు మా ఇంటికి రాండ్రి మేడం. నేను గూడ ఉంట.'