మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ!

మన ఐటీ వాళ్ళకి ఎక్కువ అన్యాయం చేసిన మాట ఏది? కొందరు "డెడ్‌లైన్" అంటారు, ఇంకొందరు "అప్రైజల్" అంటారు. నన్నడిగితే "నాట్ రీప్రొడ్యూసిబుల్" అంటాను. టికెట్ మీద ఆ ముద్ర పడిందంటే, అది రాసినవాడు అబద్ధమైనా ఆడుంటాడు, వాడకం తెలియనివాడైనా అయ్యుంటాడు అన్నట్టే లెక్క.

నాకీ అభిప్రాయం పాతదే. కానీ ఈ మధ్య ఒక ముసలి వ్యాను వెనక డిఫరెన్షియల్ లాక్‌తో మూడు వారాంతాలు కుస్తీ పట్టాక అది మరీ గట్టిపడింది. బళ్ళంటే ఆసక్తి లేనివాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మన సంగతి కూడా వస్తుంది.

వ్యాను నాది కాదు, మా రూమ్మేటుది. మేముండేది ఆరెగాన్‌లో, పోర్ట్‌లండ్ పక్కన హిల్స్‌బరోలో. ఇక్కడ మనవాళ్ళు చాలామంది టయోటాలో హోండాలో కొనుక్కుని సుఖంగా ఉంటే, మావాడు 1989 నాటి ఫోక్స్‌వాగన్ సింక్రో కొన్నాడు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఇంజను వెనక, డ్రైవరు ముందు చక్రాల మీద, నాలుగు చక్రాలకీ నడక. 1985 నుంచి 1992 దాకా ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టెయర్-డైమ్లర్-పుఖ్ వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైన బండి. మామూలు నాలుగు గేర్లు కాక, కొండలకోసం బాగా నెమ్మదిగా నడిచే ఇంకో గేరు కూడా ఉంటుంది. డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది. దాని బాధలన్నీ వయసు వల్ల వచ్చినవే.

ఇంతకీ డిఫరెన్షియల్ లాక్ అంటే ఏమిటి? గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వరి చేలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం బురదలో దిగబడి గిర్రున తిరుగుతుంది, రెండో చక్రం మాత్రం గట్టి నేలమీద ఉండి కూడా ఊరికే నిలబడిపోతుంది. దానికి కారణం డిఫరెన్షియలే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి కాబట్టి రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి అది వీలిస్తుంది. కానీ బలాన్ని మాత్రం రెంటికీ ఇంచుమించు సమానంగా పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే రెండోదానికీ అంతే దక్కుతుంది. అప్పుడు ట్రాక్టరు డ్రైవరు కాలి దగ్గరున్న పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలూ కలిసిపోయి ఒకే ఇరుసులా తిరుగుతాయి, బండి బయటపడుతుంది. అదే లాక్.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఇది అక్కర్లేదు కదా అని మీరనొచ్చు. కావాలి. ముందొక చక్రం, వెనకొక చక్రం జారాయంటే నాలుగు చక్రాల బండి కూడా నిలబడిపోవచ్చు.

ట్రాక్టరులో తొక్కేది కాలు, లాక్ పడిందో లేదో తెలిసేదీ కాలికే. సింక్రోలో అలా కాదు. డాష్‌బోర్డు మీద ఒక నాబ్ లాగాలి. వెనకున్న ఇంజను పీల్చే గాలితో పుట్టే వాక్యూమ్ సన్నటి గొట్టాల్లో ముందుదాకా వచ్చి, ఈ నాబ్ గుండా వెళ్ళి, మళ్ళీ వెనక్కి ప్రయాణం చేసి, గేర్‌బాక్సు మీదున్న ఒక డబ్బాలోని పొరని లాగుతుంది. ఆ పొర ఫోర్కుని కదిపితే లోపల పళ్ళు పట్టుకుంటాయి. పట్టుకున్నాక ఒక స్విచ్ నొక్కుకుని ముందు దీపం వెలుగుతుంది. చూశారా, ఒక్క పనికి ఎన్ని లేయర్లో! మన ఆర్కిటెక్టులు గీసే బొమ్మల కంటే ఏం తీసిపోలేదు.

మావాడి బాధ ఏమిటంటే, మౌంట్ హుడ్ అడవుల్లో బురద ఎక్కుడు దారిలో నాబ్ లాగితే దీపం వెలగలేదు, బండి ఎక్కలేదు. ఇంటికొచ్చి లాగితే శుభ్రంగా వెలిగింది. ఇలా మూడుసార్లు.

గ్యారేజీకి తీసుకెళ్ళాడు. వాళ్ళు బండిని లిఫ్టు మీద ఎక్కించి, ఇంజను ఆన్ చేసి, నాబ్ లాగారు. దీపం వెలిగింది. "మా దగ్గర బాగానే పనిచేస్తోంది, మీరు సరిగ్గా వాడుతున్నారా?" అన్నారు. రెండోసారి వెళ్తే, లోపల ఫోర్కు అప్పుడప్పుడూ పట్టేస్తోందేమో, గేర్‌బాక్సు దింపి విప్పి చూడాలి, మూడువేల డాలర్ల పైమాటే అన్నారు. మావాడు ఒప్పుకునేవాడే. ఆ డబ్బు వాడు ఊళ్ళో వాళ్ళ నాన్నగారి కంటి ఆపరేషన్‌కని పక్కన పెట్టింది.

ఆ ఆదివారం నేను మా బాబాయితో ఫోన్లో మాట్లాడుతూ మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు తోలుతున్నారు. వ్యాను ఏ కంపెనీదని అడగలేదు, ఎంత పెట్టి కొన్నాడని అడగలేదు.

"ఒరే అబ్బాయ్, అది పడనప్పుడు ఇంజను మీద లోడుందా, లేదా?" అన్నారు.

"కొండ ఎక్కుతున్నాడు బాబాయ్, ఉండే ఉంటుంది."

"మరి ఇంటికాడ?"

"ఖాళీగా ఆన్ చేసి ఉంటుంది."

"అయితే రెండూ ఒకటెలా అవుతాయిరా? లోడు మీదే చూడండి."

అంతే. గ్యారేజీ వాళ్ళు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

దీన్ని పట్టుకుని కూర్చుంటే విషయం విడిపోవడం మొదలైంది. పెట్రోలు ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు వాక్యూమ్ బాగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం దాకా. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అది దాదాపు సున్నాకి పడిపోతుంది. ఇది తెలిసే డిజైన్ చేసినవాళ్ళు మధ్యలో వన్ వే వాల్వు ఒకటి, వాక్యూమ్ నిల్వ ఉండే చిన్న ట్యాంకు ఒకటి పెట్టారు. మన భాషలో చెప్పాలంటే కాష్ అన్నమాట.

ఇంకో మెలిక ఉంది. లోపలి పళ్ళు ఎదురెదురుగా సరిగ్గా వస్తేనే లాక్ పడుతుంది. అందుకు చక్రాలు కొంచెం కదలాలి. కొండ మీద బండి ఆగి ఉన్నప్పుడు వాక్యూమ్ ఉంటుంది, కానీ చక్రాలు కదలవు. యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు కదులుతాయి, కానీ వాక్యూమ్ పోతుంది. రెండూ ఒకేసారి ఉండాలంటే ఆ ట్యాంకు నిండుగా ఉండాలి. ట్యాంకు నిలవకపోతే? ఇంటి దగ్గర ఎప్పుడూ పాస్, కొండ మీద ఎప్పుడూ ఫెయిల్. ఇందులో "అప్పుడప్పుడూ" అన్నది ఎక్కడుంది చెప్పండి?

సరే, అనుకోవడం వేరు, తేల్చడం వేరు. వరసగా చూశాం.

మొదట దీపం. గేర్‌బాక్సు దగ్గర స్విచ్ తీగ ఊడదీసి, స్విచ్ చేయాల్సిన పని చిన్న తీగముక్కతో చేశాం. వెలిగింది. బల్బూ వైరింగూ బాగున్నట్టే.

తర్వాత లాక్. ముందు చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, వెనక రెండు చక్రాలూ పైకి లేపి, బరువంతా స్టాండ్ల మీద పెట్టాం (ఒట్టి జాకీని నమ్మి బండి కిందకి ఎవరూ దూరొద్దు. అలాగే రెండు చక్రాలే లేపి ఇంజను ఆన్ చేసి గేరు వేయొద్దు, ముందు చక్రాలు నేలమీదే ఉన్నాయి, బండి స్టాండ్ల మీంచి దూకుతుంది). ఇంజను ఆపి, గేరులో ఉంచి ఒక చక్రం తిప్పితే రెండోది వ్యతిరేక దిశలో తిరిగింది. అంటే లాక్ పడలేదు. చేతి వాక్యూమ్ పంపుని నేరుగా ఆ డబ్బాకి తగిలించి 15 అంగుళాల దాకా లాగి, చక్రాన్ని కాస్త అటూ ఇటూ ఆడించాం. "టక్" మంది. ఇక చక్రం కదల్లేదు. దీపం కూడా వెలిగింది. పంపు ముల్లు నిమిషం తర్వాత కూడా అక్కడే ఉంది. అంటే పొర, ఫోర్కు, పళ్ళు, స్విచ్ అన్నీ బాగున్నాయి. మూడువేల డాలర్లు పెట్టి విప్పాలన్న గేర్‌బాక్సులో ఏ రోగమూ లేదు.

ఇక కొండని వాకిట్లోకి తేవాలి. అది చాలా తేలిక. ఇంజను కాసేపు నడిపి ఆపేశాం. పది నిమిషాలు ఆగి నాబ్ లాగి, చక్రం ఆడించాం. ట్యాంకు మంచిదైతే ఇంజను లేకపోయినా ఒకసారైనా లాక్ పడాలి. పడలేదు. మళ్ళీ చేశాం, మళ్ళీ పడలేదు. మావాడి మొహంలో అంత ఆనందం వాళ్ళ ఆఫీసులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు. ఫెయిల్ అయినందుకు పండగ చేసుకునేది మన జాతి ఒక్కటేనేమో :)

మిగిలింది బైనరీ సెర్చ్. గొట్టాన్ని సగం దగ్గర విడదీసి, పంపుతో లాగి చూడటం, ఏ సగం కారుతోందో దాన్ని మళ్ళీ సగం చేయడం. నాలుగో విడతలో దొరికింది. ట్యాంకు దాటాక, రెండు ప్లాస్టిక్ గొట్టాల్ని కలిపే బొటనవేలంత రబ్బరు ముక్క. పైకి బాగానే ఉంది, వంచితే సన్నటి పగులు. కొత్త రబ్బరు గొట్టానికి పది డాలర్లు కూడా కాలేదు.

అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ బండిలో లాక్ వేయడానికే కాదు, తీయడానికీ అదే వాక్యూమ్ కావాలి. లాక్ పడకపోతే బురదలో ఆగిపోతాం, అంతే. పడ్డాక ఊడిరాకపోతే తారురోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతానంటుంది. తడి రోడ్డు, కొండ మలుపు అయితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే రిపేరు అయ్యాక మేం లాక్ పడటం కంటే ఊడటాన్ని ఎక్కువసార్లు పరీక్షించాం.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడికి రాకముందు నేను హైదరాబాదులో రెండేళ్ళు ఒక క్లయింటుకి పనిచేశాను. మా టీమ్‌లో నైట్ షిఫ్టు చేసే కుర్రాడొకడు ఉండేవాడు. రోజువారీ రిపోర్టు తప్పు తేదీతో వస్తోందని మూడుసార్లు టికెట్ వేశాడు. మూడుసార్లూ ఆన్‌సైట్ వాళ్ళు తమ ఉదయం పూట నడిపి చూసి, "మా దగ్గర బాగానే ఉంది" అని మూసేశారు. ఆ ఏడాది రివ్యూలో వాడికి "వివరాలు సరిచూసుకోకుండా టికెట్లు వేస్తాడు" అన్న మాటతో రేటింగ్ తగ్గింది. అసలు కారణం తర్వాత తేలింది. ప్రోగ్రాంలో ఒక చోట సర్వర్ యూటీసీ తేదీ, ఇంకో చోట వాడే మనిషి స్థానిక తేదీ తీసుకుంటున్నారు. మనకి అర్ధరాత్రి నుంచి తెల్లారి 5:30 దాకా ఆ రెండు తేదీలూ వేరు. వాడు పనిచేసేది సరిగ్గా ఆ వేళలోనే. ఆన్‌సైట్ వాళ్ళ ఉదయం పూట రెండూ ఒకటే. బగ్గు సరిచేశారు, కానీ రేటింగ్ ఎవరూ సరిచేయలేదు. అప్పటికే వాడు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.

యంత్రానికి "అప్పుడప్పుడూ" అనేది చాలా అరుదు. మనం గమనించని షరతుకి మనం పెట్టుకున్న పేరది. ఆ షరతు మామూలుగా ఫిర్యాదు చేసేవాడి దగ్గరే ఉంటుంది. వాడి కొండ, వాడి నైట్ షిఫ్టు, వాడి నెట్ కనెక్షను. మన ఏసీ గదిలోకి, లిఫ్టు మీదకి అది నడిచి రాదు, మనమే తెచ్చుకోవాలి. అన్ని టికెట్లకీ అంత టైం ఎక్కడిది అంటారా? నిజమే, ఉండదు. అలాంటప్పుడు కనీసం "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని తీర్పు చెప్పకుండా, "ఫలానా టైంలో, ఫలానా డేటాతో, లోడు లేకుండా చూశాను, రాలేదు" అని రాయొచ్చు కదా. ఒక్క వాక్యం ఎక్కువ, అంతే. అది చదివినవాడు "ఓహో, లోడుతో చూడలేదా" అనుకుని అక్కణ్ణుంచి మొదలుపెడతాడు. మొదటిదైతే వాడి నోరు మూయించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మీ టీమ్‌లో కూడా మూడుసార్లు మూసేసిన టికెట్ ఒకటి ఉండే ఉంటుంది. సోమవారం దాన్ని తెరిచి, వేసినవాడికి ఫోన్ చేసి, అది ఏ వేళప్పుడు, ఏం చేస్తుండగా వచ్చిందో ఒక్కసారి అడిగి చూడండి.