ఎర్రమట్టి నేర్పిన పాఠం

భిలాయిని దర్శించాలన్న కోరిక మాకు చిరకాలంగా ఉండేది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుండి ఉక్కు కార్మికులకు అది యాత్రాస్థలమే కదా! సెక్టార్ల వారీగా తీర్చిన వీధులు, చల్లని చెట్లు, అక్కడ స్థిరపడిన మనవారి తెలుగు పలకరింపులు మమ్మల్ని అలరించాయి.

అయితే మేము పాఠకులకు విన్నవించదలచినది, ఆ ఫర్నేసులకు దశాబ్దాలపాటు ఇనుప ఖనిజాన్ని అందించిన దల్లీ రాజహరాను గురించి. దుర్గ్‌లో రైలెక్కి ఆ గనుల పట్టణం చేరి, అక్కడి షహీద్ ఆసుపత్రిని సందర్శించాము.

దాని పుట్టుక దుఃఖంలోనే ఉంది. 1977 జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుగురు మరణించారు. 1979లో గని కార్మిక సంఘ ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి తగిన వైద్యం అందక ప్రసవ సమయంలో కన్నుమూశారు. వేలాదిగా గుమిగూడిన కార్మికులు విధ్వంసానికి పూనుకోలేదు. తమ ఆసుపత్రిని తామే నిర్మించుకుంటామని ప్రతిన పూనారు. శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో 1982లో చిన్న వైద్యశాల తెరిచారు. కార్మికుల చందాలతో, శ్రమదానంతో 1983 జూన్ 3న, అమరుల స్మృతి దినాన, 15 పడకల ఆసుపత్రి వెలసింది. దానిని ప్రారంభించినవారు ఒక వృద్ధ కార్మికుడు, ఒక వృద్ధ రైతు!

కార్మికులే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందారు. అనవసరపు ఇంజక్షన్లు మాని, విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన నీటిని ఇంటనే త్రాగించడం నేర్పారు. వైద్యులు చెప్పేవారు, ప్రజలు వినేవారు అన్న భేదం అక్కడ చెరిగిపోయింది.

1991 సెప్టెంబరు 28న నియోగీ భిలాయిలో హత్యకు గురైనారు. అయినా ఆసుపత్రి మూతపడలేదు. ఒక్కరి మీద ఆధారపడి నిర్మించినది కాదు గనుక నిలిచింది.

తిరుగు ప్రయాణంలో మాకు ఒక సంగతి మనసును కలచివేసింది. కొన్నేళ్ల క్రితం మేము కూడా ఒక గ్రామానికి ఆరోగ్య కేంద్రం కట్టించాము. నమూనా మాది, స్థలనిర్ణయం మాది, పని వేళలు మావి. కూలికి వెళ్లే స్త్రీలు ఇల్లు చేరేసరికి అది మూసివేసేవారు. నేడు దానికి తాళం పడి ఉన్నది. లోపం గ్రామస్థులదని ఇంతకాలం అనుకున్నాము.

త్వరలో మరల ఆ గ్రామానికి వెళ్లనున్నాము. ఈ పర్యాయం నమూనాలు తీసుకుపోము. ఆ తల్లుల నడుమ కూర్చుండి, వారికి ఏమి కావలెనో ముందుగా వింటాము.