రెండోవాడు

టెలిఫోను మోగితే విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. మోగకపోతే కలిగే కష్టం వాళ్లకు తెలియదు కాబోలు. రాత్రివేళ ఇంట్లో జబ్బుమనిషిని పెట్టుకుని, ఫలానా మందు ఎక్కడ దొరుకుతుందా అని పదిచోట్లకు ఫోను చేసినవాళ్లను అడిగి చూడండి. అవతల గంట మోగడమే సగం ధైర్యమని చెబుతారు.

మా తమ్ముడు హైదరాబాదులో కంపెనీలకు ఇంటర్నెట్టు టెలిఫోన్లు అమర్చి బతుకుతున్నాడు. నేను కళాశాలలో వ్యాకరణం చెప్పి బతుకుతున్నాను. మా ఇద్దరి వృత్తులకూ కాస్త చుట్టరికం ఉందన్న సంగతి మొన్న దసరా సెలవుల్లో వాడింటికి వెళ్లినప్పుడుగాని నాకు తెలియలేదు.

వెనకటి టెలిఫోనుకు కరెంటు కూడా ఎక్స్ఛేంజీలోని బ్యాటరీలనుంచి ఆ తీగమీదనే వచ్చేది. ఊళ్లో దీపాలు ఆరిపోయినా ఫోను పలికేది. ఇంటర్నెట్టు ఫోనుకు ఆ భోగం లేదు. పైగా ఆఫీసులో బల్లమీది ప్రతి ఫోనూ “నేను ఫలానా చోట ఉన్నాను” అని ఒక సర్వరు దగ్గర ఎప్పటికప్పుడు పేరు రాయించుకోవాలి. ఎవరు ఎవరిని పిలిచినా ఆ సర్వరే వెతికి కలపాలి. అది కాస్తా మూగబోయిందంటే ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా కొండపల్లి బొమ్మలే. అందుకని రెండో సర్వరు ఒకటి సిద్ధంగా పెడతారు. మొదటిది పడిపోతే రెండోది అందుకోవాలి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఫెయిలోవరు’.

“ఓస్, ఇంతేనా!” అన్నాను. “మా వ్యాకరణంలో ఇది ఏనాటినుంచో ఉంది. ఆగమం స్నేహితుడిలా వచ్చి, ఉన్న అక్షరం పక్కన ఒద్దికగా చేరుతుంది. ఆదేశం పగవాడిలా వచ్చి, ఉన్న అక్షరాన్ని లేవగొట్టి దాని పీటమీద తాను కూర్చుంటుంది. నీ రెండో సర్వరు మామూలు రోజుల్లో ఆగమం, ఆపద వచ్చిననాడు ఆదేశం.”

“చిక్కంతా అక్కడే ఉందన్నయ్యా. ఎప్పుడు ఆదేశం కావాలో దానికి తెలిసేదెలా?” అన్నాడు వాడు.

సర్వర్లు రెండూ ఒకే గదిలో ఉంటే ఒకటి “ఉన్నాను, ఉన్నాను” అని క్షణక్షణమూ చెబుతూ ఉంటుందట. ఆ మాట వరసగా కొన్నిసార్లు వినబడకపోతే రెండోది మొదటిదాని చిరునామాను తాను తీసుకుంటుంది. ఫోన్లకు ఈ మార్పిడి సంగతే తెలియదు. కాని చచ్చింది సర్వరు కాక, రెండింటినీ కలిపే తీగ అయితే? అప్పుడు ఒకే సింహాసనానికి ఇద్దరు రాజులు! అందుకని కబురు నడవడానికి ఇంకో దారి కూడా వేసి ఉంచుతారు.

అయినా ఒకే గదిలో పెట్టుకుంటే ఒకే నిప్పుకూ, ఒకే వానకూ రెండూ పోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ ఊరంతటికీ కలిసే పోయాయి. కనక రెండోది వేరే ఊళ్లో ఉండడం మేలు. అప్పుడు ప్రతి ఫోనుకూ రెండు చిరునామాలు వరసక్రమంలో నేర్పాలి. పేరు రాయించుకునే గడువు చాలా ఫోన్లలో 3600 సెకండ్లుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే, సర్వరు పోయిన సంగతి ఫోనుకు గంటదాకా తెలియకపోవచ్చు. ఆ గడువును ఒకటి రెండు నిమిషాలకు కుదించాలి.

ఆ ఆదివారం వాడు నన్ను ఒక మందుల టోకు వ్యాపారి ఆఫీసుకు తీసుకువెళ్లాడు. జిల్లాల్లోని దుకాణాలవాళ్లు రాత్రనక పగలనక వాళ్లకు ఫోను చేస్తారు. రెండో సర్వరు విజయవాడ బ్రాంచిలో అమర్చడం అయిపోయింది. మావాడు మొదటి సర్వరు తీగ లాగి చూద్దామన్నాడు. యజమాని ఒప్పుకోలేదు.

“చక్కగా పలుకుతున్నదాన్ని ఎందుకు బాబూ కదపడం? డబ్బు పోసి రెండోది పెట్టించాం కదా!”

“అది పలుకుతుందో లేదో ఆదివారం పొద్దున మీ కళ్లముందు చూసుకుందామా, తుపాను రాత్రి చూసుకుందామా, మీరే చెప్పండి.”

ఆయన చాలాసేపు ఆలోచించి, సరేనన్నారు. తీగ లాగారు. నిమిషం తిరిగేలోగా ఫోన్లన్నీ విజయవాడను పట్టుకున్నాయి. ఈ బల్లమీంచి ఆ బల్లకు మాట బ్రహ్మాండంగా వినబడింది. యజమాని చిరునవ్వు నవ్వారు. మావాడు మాత్రం జేబులోంచి సెల్‌ఫోను తీసి, దుకాణదారుడిలా బయటినుంచి ఆ నంబరుకు ఫోను చేశాడు. మోగలేదు.

కారణం చిన్నదే. బయటి పిలుపులు తెచ్చి ఇచ్చే టెలిఫోను కంపెనీ లెక్కలో మొదటి సర్వరు చిరునామా ఒక్కటే ఉంది. విజయవాడ సర్వరు ఎవరో వాళ్లకు తెలియదు. కొత్త పూజారి గుళ్లో సిద్ధంగా కూర్చున్నా, తలుపు తాళం పాత పూజారి దగ్గరే ఉండిపోయిందన్నమాట. మర్నాడు ఆ చిరునామా కూడా రాయించి, మళ్లీ తీగ లాగి చూశారు. ఈసారి మోగింది.

మొదటిది కోలుకోగానే దానంతటది వచ్చి పీటమీద కూర్చోకుండా కూడా మావాడు కట్టడి చేశాడు. ఎందుకంటే 1990 జనవరి 15న అమెరికాలో జరిగిన కథ చెప్పాడు. ఏటీ అండ్ టీ వారి ఎక్స్ఛేంజీ ఒకటి కాస్సేపు ఆగి, తేరుకుని, తిరిగి వచ్చానని పొరుగువాటికి కబురంపింది. ఆ కబురు అందుకునే ప్రోగ్రాములో ఉన్న చిన్న తప్పువల్ల అవి పడిపోయాయి. అవి లేచి కబురంపితే మరికొన్ని పడ్డాయి. దాదాపు తొమ్మిది గంటలపాటు దేశమంతటా దూరపు కాల్సు అస్తవ్యస్తమయ్యాయి. పడడంలోనే కాదు, లేవడంలోనూ ప్రమాదం ఉందన్నమాట.

రెండోవాడు ఉన్నాడు కదా అని గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోతే చాలదు. వాడిచేత ఒకసారైనా పలికించి వినాలి. మందుల వ్యాపారిగారికి ఆ మాట బాగా నచ్చినట్టుంది. ఇప్పుడు ఆఫీసు గోడమీది క్యాలెండరులో మూడు నెలలకో ఆదివారం చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి ఉంటుందట. ఆ రోజు తీగ లాగేది ఆయనే!