గోల్కొండ దర్వాజాలు - మన ఇంటి తలుపులు

పిల్లలూ! మీలో కొందరు ఈ మధ్యనే కొత్త ఇంటికి మారి ఉంటారు. పాలు పొంగించి, పాయసం తిని, చుట్టాలంతా వెళ్ళిపోయాక ఆ మొదటి రాత్రి కొత్త ఇంట్లో పడుకుంటే ఎవరికీ చప్పున నిద్ర పట్టదు. ఎక్కడో టక్కుమంటుంది. అది కిటికీ రెక్కా, పిల్లా, మరేదన్నానా? అమ్మ లేచి వీధి తలుపు గడియ వేశామో లేదో చూసి వస్తుంది. కాసేపటికి నాన్న లేచి పెరటి తలుపు చూసి వస్తాడు. ఇది పిరికితనం కాదు. ఆ ఇంటితో మనకింకా పరిచయం కాలేదు, అంతే.

ఇంటితో పరిచయం చేసుకోవడం ఎలాగో నేర్పే పాఠశాల ఒకటి హైదరాబాదు నగరానికి పడమట ఉన్నది. దానిపేరు గోల్కొండ కోట. రండి, ఈవేళ ఆ కోటంతా తిరిగి వద్దాం. దారిలో మన ఇంటి సంగతి కూడా ఆలోచిద్దాం.

గొల్లకొండ అన్న మాటే గోల్కొండ అయిందని పెద్దలు చెబుతారు. కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేది. 1364లో అది బహమనీ సుల్తానుల చేతికి వెళ్ళింది. 1518 నుంచి కుతుబ్‌షాహీ వంశం వారు ఇక్కడ రాజ్యం చేశారు. మొదటి ముగ్గురు రాజులు ఇంచుమించు 60 ఏళ్ళపాటు శ్రమపడి మట్టికోటను రాతికోటగా మార్చారు. అంత గట్టి కోట ఎందుకంటారా? కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి చోట్ల దొరికిన వజ్రాలు అమ్మకానికి ఇక్కడికే వచ్చేవి. గోల్కొండ వజ్రాలని లోకమంతా పేరు మోగింది. సొమ్ము పేరు ఎంత దూరం పోతే దొంగచూపు అంత దూరం నుంచి వస్తుంది గదా!

ముందుగా వెలుపలి గోడ చూడండి. దీని చుట్టుకొలత సుమారు 10 కిలోమీటర్లు. మధ్య మధ్య అర్ధచంద్రాకారంలో ముందుకు వచ్చిన బురుజులు 87. గోడకు బయట లోతైన కందకం. మొత్తం 8 దర్వాజాలు. ఈ గోడ దాటితే కొండ అడుగున మరొక గోడ, దాని పైన ఇంకొకటి. మూడోదానిలో మరీ చిత్రం ఉన్నది. కొండ మీద సహజంగా ఉన్న పెద్ద పెద్ద బండలను అలాగే ఉంచి, వాటి నడుమ ఖాళీలను మాత్రం గోడతో పూడ్చారు.

ఇందులో మొదటి పాఠం ఉన్నది. ఒక్క గోడనే ఆకాశమంత ఎత్తు కట్టలేదు వాళ్ళు. ఒకదాని తరువాత ఒకటిగా అడ్డంకులు పెట్టారు. శత్రువు ఒకటి దాటేలోగా లోపలివారు మేలుకొంటారు. మన ఇంటికీ అంతే. ప్రహరీ గేటు ఒకటి, వీధి తలుపు రెండు, బీరువా మూడు. గేటు దగ్గర ఒక దీపం ఉంటే అది కందకంతో సమానం. చీకటిని కోరి వచ్చేవాడికి వెలుతురును మించిన అడ్డు లేదు.

ఇప్పుడు తూర్పు వైపున ఫతే దర్వాజా చేరాం. ఫతే అంటే విజయం. ఈ పేరు ఎందుకు వచ్చిందో తరువాత చెబుతాను. ముందు ఆ తలుపులు చూడండి. అంత ఎత్తు తలుపుల మీద ఇనుప ముళ్ళు వరుసగా పొడుచుకు వచ్చి ఉన్నాయి. ఆ కాలంలో కోట తలుపులు పగలగొట్టడానికి ఏనుగుల చేత కుమ్మించేవారు. ముళ్ళున్న తలుపుకు ఏ ఏనుగూ నుదురు ఆనించదు. పైన బాలాహిస్సారు దర్వాజా దగ్గర ఇంకొక ఉపాయం చేశారు. గుమ్మానికి ఎదురుగా అడ్డంగా ఒక గోడ కట్టారు. దానివల్ల ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకు వచ్చి ఢీకొనడానికి వీలులేదు. పక్కకు తిరిగి ఇరుకులోంచి రావాలి. వేగం పోతే బలమూ పోతుంది.

చూశారా! కోట కట్టినవారు ముందు, "శత్రువు ఏ దారిన, ఏ బలంతో వస్తాడు?" అని ప్రశ్న వేసుకొని, ఆ తరువాతే జవాబు కట్టారు. మన ఇళ్ళ మీదికి ఏనుగులు రావు. ఒక ఇనపకడ్డీ పట్టుకొని వచ్చేవాడు తాళం కప్ప జోలికి పోడు. అది తగిలించిన గొళ్ళేన్ని పెకలిస్తాడు. తాళం ఎంత ఖరీదైనదైనా, గొళ్ళేనికి కొట్టిన మరమేకులు అరంగుళానివైతే ఏం లాభం? కొత్త ఇంట్లో చేరగానే గొళ్ళేలు, బందులు పట్టుకొని ఊపి చూడండి. కదిలితే పొడుగాటి మరమేకులు వేయించమని నాన్నతో చెప్పండి.

తాళం సంగతి వచ్చింది గనక అది ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకుందాం. తాళం కప్ప మీద 6 లీవర్లనో, 7 లీవర్లనో చెక్కి ఉంటుంది. లీవరంటే లోపల ఒకదాని పక్కన ఒకటి పేర్చిన పలుచని లోహపు పలక. ప్రతి పలకలో ఒక గంటు ఉంటుంది. చెవి తిప్పినప్పుడు దాని పళ్ళు ఒక్కొక్క పలకను ఒక్కొక్క ఎత్తుకు లేపుతాయి. గంటులన్నీ ఒకే వరుసలోకి వస్తేనే గడియ జారుతుంది. ఒక్క పలక ఎక్కువ లేచినా, తక్కువ లేచినా కదలదు. పలకలు పెరిగినకొద్దీ మరో చెవితో తెరవడం కష్టమవుతుంది.

అయితే మీ కొత్త ఇంటి తాళానికి ఎన్ని చెవులు ఉన్నాయో మీకు తెలుసా? మీకు ఇచ్చినవి రెండే కావచ్చు. కాని ఇల్లు కట్టేటప్పుడు ఎందరో పనివారు వచ్చి పోయారు. లేదా మీకు ముందు ఇంకెవరో ఆ ఇంట్లో ఉన్నారు. వారు మంచివారే కావచ్చు. ఎక్కడో పారేసుకున్న చెవి ఎవరికి దొరికిందో ఎవరికి తెలుసు? అందుకే కొత్త ఇంట్లో సామాను సర్దకముందే వీధి తలుపుకూ, పెరటి తలుపుకూ తాళాలు మార్చుకోవడం తెలివైన పని. ఆ కొత్త చెవిని కాళ్ళపట్టా కింద, పూలకుండీ అడుగున, ద్వారబంధం పైన పెట్టకూడదు. ఆ మూడు చోట్లూ మీకు తెలిసినట్టే దొంగకూ తెలుసు.

ఇక బాలాహిస్సారు దర్వాజా లోపల గోపురం కింద నిలబడండి. ఒక్కసారి చప్పట్లు కొట్టండి! ఆ చప్పుడు అక్కడెక్కడో కొండ శిఖరాన, రాజుగారి బారాదరి దగ్గర నిలబడిన మీ తమ్ముడికి వినపడుతుంది. ఎవరైనా వచ్చిన సంగతి పైనున్న కాపలావారికి ఈ విధంగానే తెలిసేదట. ఇందులో మంత్రం లేదు. వంపు తిరిగిన కప్పు, అద్దం వెలుతురును మళ్ళించినట్టు, ధ్వనిని పోగుచేసి ఒక వైపుకు పంపుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కింద కొట్టిన చప్పట్లు పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్క కట్టండి. దూరం ఒక కిలోమీటరు అనుకున్నా మూడు సెకన్లు పట్టదు!

ఇప్పటి ఇళ్ళలో కెమెరాలు, గంటలు వచ్చాయి. గుమ్మం దగ్గర ఎవరున్నదీ ఆఫీసులో ఉన్న నాన్నకు ఫోనులో కనిపిస్తుంది. అవి ఈ చప్పట్ల గోపురానికి మనుమలు. కాని ఒక్క మాట మరవకండి. కింద చప్పట్లు మోగినా, పైన వినేవాడు లేకపోతే ఆ గోపురం వట్టి రాయి. ఎదురింటి మామ్మగారికి మీరెవరో, మీ ఇంటికి ఎవరెవరు వస్తారో తెలిసి ఉండటం పది కెమెరాల పెట్టు. కనక కొత్త ఇంటికి వెళ్ళిన వారంలోగా ఇరుగు పొరుగులకు పండో, పలహారమో ఇచ్చి పలకరించి రండి.

సుమారు 360 మెట్లెక్కి శిఖరం చేరాం. దారిలో రామదాసును ఉంచిన చెర కనిపించింది గదా? భద్రాచలంలో రాముడికి గుడి కట్టించిన కంచెర్ల గోపన్న గారే ఆ రామదాసు. పైన అమ్మవారి గుడి ఉన్నది. ప్రతి ఆషాఢంలో బోనాలు మొదట ఈ గోల్కొండలోనే మొదలవుతాయి. ఇక్కడ కూచుని కాస్త గాలి పీల్చుకోండి. ఫతే దర్వాజా కథ ఇప్పుడు చెబుతాను.

1687లో ఔరంగజేబు చక్రవర్తి పెద్ద సైన్యంతో వచ్చి ఈ కోటను ముట్టడించాడు. అప్పటి రాజు అబుల్ హసన్ తానీషా. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. ఫిరంగులు పేలాయి, గోడల కింద సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు, కోట లొంగలేదు. వానలు వచ్చి, తిండిగింజలు కరువై చక్రవర్తి సైన్యమే అల్లాడింది.

ఒక రాత్రి మొగలు సైనికులు చప్పుడు కాకుండా గోడకు నిచ్చెనలు వేసి ఎక్కసాగారు. కావలివారు గమనించలేదు. ఇంతలో గోడ మీద తిరుగుతున్న ఒక ఊరకుక్క గట్టిగా మొరిగింది! కావలివారు లేచారు, నిచ్చెనలు తోసేశారు, కోట దక్కింది. తానీషా ఆ కుక్క మెడకు బంగారు గొలుసు వేయించాడని మొగలు చరిత్రకారుడు కాఫీఖాన్ రాశాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనకొక సామెత ఉన్నది. ఈ కుక్క మాత్రం సమయానికే మొరిగింది!

మరి అంత కోట ఎలా పడిపోయింది? గోడ కూలిందా? లేదు. ముళ్ళ తలుపు విరిగిందా? లేదు. అబ్దుల్లా ఖాన్ పనీ అనే లోపలి సేనాని లంచానికి ఆశపడ్డాడు. సెప్టెంబరు నెలలో ఒక తెల్లవారుజామున చిన్న దిడ్డి తలుపు గడియ తీసి ఉంచాడు. శత్రువులు ఆ దారినే లోపలికి వచ్చారు. మొగలులు గెలిచి ప్రవేశించిన గుర్తుగా ఫతే దర్వాజాకు ఆ పేరు నిలిచింది. ఎనిమిది నెలల్లో ఫిరంగులు చేయలేని పని ఒక గడియ చేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఇందుకే పుట్టింది కాబోలు.

అయితే అదే రోజున అదే కోటలో మరొకడున్నాడు. అతని పేరు అబ్దుల్ రజాక్ లారీ. అతనికి కూడా చక్రవర్తి ఆశ చూపాడు. అతను ఆ ఉత్తరాన్ని చింపి పారేశాడు. శత్రువులు లోపలికి వచ్చారని తెలిసి గుర్రమెక్కి ఒంటరిగా ఎదురు నిలిచాడు. ఒళ్ళంతా గాయాలతో పడిపోయినవాణ్ణి చూసి ఔరంగజేబే మెచ్చుకొని వైద్యం చేయించాడు.

ఈ కథ విని మీ ఇంట్లో పనిచేసే అక్కనూ, పాలు పోసే మామనూ అనుమానంగా చూడకండి. అలా చూసేవాడి ఇంట్లో లారీ వంటి వాడు ఒక్కడూ మిగలడు. ప్రేమగా, న్యాయంగా చూస్తే ఇంటి కోసం నిలబడే మనుషులు దొరుకుతారు. నేను చెప్పదలచింది వేరు. మన ఇంటి దిడ్డి తలుపు ఏదో తెలుసుకోండి.

మొదటిది పెరటి తలుపు. వీధి వైపు పెద్ద తాళం వేసి, పెరటి వైపు తుప్పు పట్టిన గొళ్ళెంతో సరిపెట్టే ఇళ్ళు ఎన్నో! రెండోది స్నానాలగది చిన్న కిటికీ. మూడోది డాబా మీది తలుపు. నాలుగోది మీ నోరే! "రేపు మేమంతా ఊరికి వెళ్తున్నాం, పది రోజులు రాము" అని బజారులో అందరికీ చెప్పే పిల్లవాడు తెలియకుండానే గడియ తీస్తున్నాడు. ప్రయాణపు ఫోటోలు రైలెక్కగానే ఫోనులో నలుగురికీ చూపే పెద్దవారు కూడా అదే పని చేస్తున్నారు. ఊరికి వెళ్ళేటప్పుడు పాలు, పేపరు ఆపమని చెప్పండి. గుమ్మంలో పేరుకున్న పేపర్లు, "ఇంట్లో ఎవరూ లేరు" అని కేకవేస్తాయి. పక్కింటివారికి, కావాలంటే పోలీసు స్టేషనులోనూ చెప్పి వెళ్ళవచ్చు.

ఇంకొక జాగ్రత్త. దొంగ భయంతో కిటికీలన్నిటికీ ఊచలు బిగించి ఇంటిని పంజరం చేయకూడదు. నిప్పు అంటుకుంటే లోపలివారు బయటపడేదెలా? ఒక కిటికీ ఊచలు లోపలి నుంచి తలుపులా తెరుచుకునేటట్టు పెట్టించాలి. దాని చెవి ఎక్కడున్నదో ఇంట్లో అందరికీ, చిన్నవాళ్ళకు కూడా తెలియాలి. అంత కోటకు కూడా 8 దర్వాజాలు పెట్టారు గదా!

మీరు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తడితే, తెరవకుండానే మాట్లాడండి. "అమ్మ పనిలో ఉన్నది, తరువాత రండి" అంటే తప్పు లేదు. భయం వేస్తే అమ్మకో, పక్కింటివారికో ఫోను చేయండి. నిజంగా ఆపద అయితే 112 నంబరుకు చేయండి. మీ కొత్త ఇంటి చిరునామా తడుముకోకుండా చెప్పగలరా? ఈ రోజే కంఠస్థం చేయండి.

ఇక మీకొక ఇంటిపని. ఈ ఆదివారం ఒక కాగితం, పెన్సిలు తీసుకొని అమ్మా నాన్నలతో ఇంటి చుట్టూ తిరగండి. ఇంటి పటం గీయండి. తలుపులు, కిటికీలు, దీపాలు గుర్తు పెట్టండి. వదులుగా ఉన్న గొళ్ళేలకు ఎర్ర చుక్క పెట్టండి. అన్నిటికన్న బలహీనమైన చోటు ఏదో కనిపెట్టి, బాగుచేయడం అక్కడే మొదలుపెట్టించండి. పని అయ్యాక పటాన్ని గోడకు తగిలించకండి, పెట్టెలో దాచండి. దాచవలసినవాటిలో అదీ ఒకటి!