దూతకు తెచ్చిన పూదండ



అపొస్తలుల కార్యముల 14వ అధ్యాయము చదివినప్పుడెల్ల నా మనస్సు హెర్మే అను పేరునొద్ద ఆగును. లుస్త్రలో పుట్టినది మొదలు కుంటివాడైన ఒకడు లేచి నడువగా, జనులు బర్నబాను ద్యుపతి యనిరి. ముఖ్యముగా మాటలాడినవాడు గనుక పౌలును హెర్మే యనిరి. ఈ హెర్మే ఎవడు?

గ్రీకుల కథలలో ఇతడు దేవతల రాజైన ద్యుపతికి కుమారుడు, వార్తాహరుడు. కాళ్లకు రెక్కల చెప్పులు, చేత పాములు చుట్టుకొనిన దండము. వార్త మోయువాడు ఊరూరు తిరుగును గనుక బాటసారులకు అతడే కాపరి. దారుల ప్రక్కను, ఇండ్ల వాకిళ్లయొద్దను అతని తల చెక్కిన రాతి స్తంభములు నిలిపెడివారు. చనిపోయినవారి ఆత్మలను పాతాళమునకు తోడుకొని పోవువాడును అతడే. మాటకారి గనుక వర్తకులకు దేవుడు. పుట్టిన దినముననే అపోలో పశువులను దొంగిలించెను గనుక దొంగలకును దేవుడు!

రోమీయులు ఇతనిని మెర్కురీ యనిరి. మనము బుధుడను గ్రహమునకు వారు ఇతని పేరే పెట్టిరి. క్రీ.పూ. 495లో రోమాలో అతని గుడి ప్రతిష్ఠింపబడెను. ఏటేట మే 15న వర్తకులు తమ తలలమీదను సరకులమీదను నీళ్లు చల్లుకొని, ఆడిన అబద్ధములు క్షమింపుమనియు, ఇక ఆడబోవునవి కూడ చెల్లనిమ్మనియు వేడుకొనెడివారని ఓవిదు అను రోమా కవి వ్రాసెను. వినగా నవ్వు వచ్చును. సంతలోని తక్కెడను ఎరిగినవారికి ఆ నవ్వు నిలువదు.

ఆ కవియే మరియొక కథ చెప్పెను. ఈ ఇద్దరు దేవతలు మనుష్యరూపమున ఫ్రుగియకు వచ్చి వేయి ఇండ్ల తలుపులు తట్టగా, ఒక ముసలి దంపతులు మాత్రమే చేర్చుకొనిరట. తక్కిన ఊరంతయు నీట మునిగెనట. ఫ్రుగియ లుస్త్రకు పొరుగు సీమ. అట్టి కథ వినినవారైతే, ఎడ్లను పూదండలను తెచ్చుటలో వింత లేదు.

అపొస్తలులు బట్టలు చింపుకొని, తామును మనుష్యులమేయని చెప్పి వారిని ఆపిరి.

నేను మా సంఘములో వాక్యము చదువువాడను. ఆరాధన ముగియగానే పెద్దలు చేయి పట్టుకొని, "అబ్బాయీ, నీ నోట వింటేనే మాకు బోధపడును" అందురు. ఆ మాట బెల్లమువలె నుండును. అందుచేతనే నాకు భయము. దండకు మెడ వంచినవాడు మరుసటి వారము దండ తెచ్చువారికి నచ్చు మాటనే వెదకును. అప్పుడతడు నిజముగా హెర్మేయే యగును, మాటను సరకుగా అమ్ముకొనువాడగును.

దండ నొల్లని పౌలుమీద అదే ఊరిలో రాళ్లు పడెను. చచ్చెనని ఊరి వెలుపలికి ఈడ్చిరి. అతడు లేచి తిరిగి ఆ పట్టణములోనికే వెళ్లెను. మరునాడు దెర్బేకు బయలుదేరెను. అతడు మోయుచున్న వార్త ఇంకను చేరవలసిన ఊళ్లుండెను.